పాత డెస్క్‌టాప్‌కు ప్రాసెసర్ మార్చాలా?

2012, 2013 ప్రాంతాల్లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లు మన ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. మూత తీసి చూస్తే తరచుగా కనిపించేది హెచ్61 చిప్‌సెట్ బోర్డు. దాని మీద పెంటియం జీ2030 గానీ, ఐ3-2100, ఐ3-3220 లాంటి ప్రాసెసర్ గానీ, నాలుగు జీబీ ర్యామ్, ఒక హార్డ్‌డిస్కు ఉంటాయి. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, మౌసు కూడా కదలనంటుంది. షాపులో అడిగితే "ఇక కొత్తది తీసుకోండి సార్" అంటారు. నేను ఒప్పుకోను. ఆ కంప్యూటర్‌లో ఇంకా సత్తువ ఉంది. కాకపోతే దానికి చేయాల్సిన పనుల్లో ప్రాసెసర్ మార్చడం మొదటిది కాదు, మూడోది.

ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. రోజూ చేసే పని మొదలుపెట్టి, కంప్యూటర్ మొండికేసినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే సీపీయూ, మెమరీ, డిస్క్ ఏది ఎంత పనిలో ఉందో తెలుస్తుంది. సీపీయూ 20, 30 శాతం దగ్గరే తచ్చాడుతూ డిస్క్ 100 మీద కూర్చుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. ఎంత గొప్ప ప్రాసెసర్ తెచ్చి పెట్టినా అదీ ఆ డిస్కు కోసమే ఎదురుచూస్తుంది. తిరిగే హార్డ్‌డిస్కు అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు ఓ వంద సార్లు అందుకోవడమే గగనం. ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేల సార్లు చేస్తుంది. హెచ్61 బోర్డులో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే కదా, ఎస్‌ఎస్‌డీ దండగేమో అని కొందరు వెనకాడతారు. పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఆ తేడా నిజమే. కానీ విండోస్ లేవడం, ప్రోగ్రాములు తెరుచుకోవడం ఎక్కువగా చిన్న ఫైళ్ల మీద నడిచే పనులు. అక్కడ ఆ పరిమితి దాదాపుగా తెలియదు.

మెమరీ 90 శాతం దాటుతుంటే తర్వాతి ఖర్చు ర్యామ్ మీద. ఈ బోర్డుల్లో సాధారణంగా రెండే స్లాట్లు, డీడీఆర్3 ర్యామ్. నాలుగు జీబీవి రెండు పెడితే ఎనిమిది అవుతుంది, పైగా రెండు స్లాట్లూ కలిసి పనిచేసి వేగం కొంత పెరుగుతుంది. ఈ రెండు పనులతోనే చాలామంది అవసరం తీరిపోతుంది.

అయినా సీపీయూ గ్రాఫు 100కి అంటుకుపోతుంటే అప్పుడు ప్రాసెసర్ మాట ఎత్తాలి. వీడియో కాల్‌లో ఉండగా ఇంకో పని చేయలేకపోవడం, ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ కావడానికి నిమిషాలు పట్టడం, వీడియో ఎడిటింగ్, ఇవన్నీ ప్రాసెసర్ చేతిలో ఉన్న పనులు. పెంటియం జీ2030కి ఉన్నవి రెండు కోర్లే, వేగం 3 గిగాహెర్ట్జ్. ఏవీఎక్స్ అనే ఆదేశాల సమూహం దానిలో లేదు, కాబట్టి అది తప్పనిసరి అనే సాఫ్ట్‌వేర్లు అసలు తెరుచుకోవు. అదే బోర్డు మీద కూర్చునే ఐ5-3470కి నాలుగు కోర్లు, అవసరమైతే 3.6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఐ7-3770కి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.9 దాకా వేగం. ఇది చిన్న తేడా కాదు. అయితే అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లికార్డులు, కరపత్రాలు కొట్టే ఆపరేటరుకు ఈ ఖర్చు అక్కర్లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, మామూలు కంప్యూటర్లలో కోర్ ఒక్కటే ఉన్న రోజుల్లో. కోర్లు రెండున్నా నాలుగున్నా దానికి ఒకటే.

ఏ ప్రాసెసర్ పడుతుందో బోర్డు మీది సాకెట్ నిర్ణయిస్తుంది. హెచ్61 బోర్డు సాకెట్ పేరు ఎల్‌జీఏ 1155. అందులో 1155 సన్నటి పిన్నులు ఉంటాయి. 2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం, 2012లో వచ్చిన మూడో తరం ప్రాసెసర్లు మాత్రమే దీని మీద కూర్చుంటాయి. 2013 నాటి నాలుగో తరానికి సాకెట్ 1150, అది ఇక్కడ పట్టదు. అలాగని పిన్నుల లెక్క కలిస్తే చాలనుకోకూడదు. 2015 నాటి ఆరో తరానికీ, 2017లో వచ్చిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకూ పిన్నులు 1151నే. అయినా ఆరో తరానికి చేసిన బోర్డు మీద ఎనిమిదో తరం నడవదు. కాబట్టి ఊహల మీద ఆధారపడొద్దు. విండోస్ సెర్చ్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొడితే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్నచోట మీ బోర్డు మోడల్ ఉంటుంది. ఆ మోడల్‌కు ఏ ప్రాసెసర్లు నడుస్తాయో బోర్డు కంపెనీయే జాబితా ఇస్తుంది. ఒక్కో ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ కావాలో కూడా అందులో రాసి ఉంటుంది.

ఆ బయోస్ గడిని తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పుడున్నది ఐ3-3220 లేదా జీ2030 అయితే, అవి మూడో తరానివే కాబట్టి మీ బయోస్ ఆ తరాన్ని ఇప్పటికే గుర్తుపడుతోంది. ఐ3-2100 ఉంటే మాత్రం బోర్డు 2011 నాటిది అయివుండవచ్చు, దాని బయోస్‌కు మూడో తరం తెలియకపోవచ్చు. అప్పుడు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. కొత్తది పెట్టాక చేద్దామంటే స్క్రీన్ మీద ఏమీ రాదు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. యూపీఎస్ లేకుండా ఆ పనికి దిగొద్దు.

ఈ తరం ప్రాసెసర్లు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, ఇంకెక్కడ అడిగినా దొరికేవి దాదాపుగా సెకండ్‌హ్యాండ్‌వే. భయపడాల్సిన పనిలేదు, ప్రాసెసర్ అంత త్వరగా చెడిపోయే వస్తువు కాదు. షాపులోనే ఒక బోర్డు మీద పెట్టించి, స్క్రీన్ మీద పేరు చూశాకే డబ్బులివ్వండి. మోడల్ చివరి అక్షరం కూడా చూసుకోండి. 'కే' ఉంటే ఓవర్‌క్లాకింగ్‌కు వీలున్న రకం, హెచ్61 మీద ఆ వీలు లేదు, అదనంగా ఇచ్చిన డబ్బు వృథా. 'టీ' ఉంటే కరెంటు తక్కువ తాగుతుంది, వేగమూ తక్కువే. ఐ5-3350పీలో గ్రాఫిక్స్ లేవు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో దాన్ని పెడితే మానిటర్ మీద బొమ్మ రాదు.

ఇక బిగించే పని. ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు ఓ పది నిమిషాలు కంప్యూటర్ నడపండి, వేడికి పాత పేస్టు మెత్తబడుతుంది. తర్వాత ఆపి, ప్లగ్గు పీకి, లోపలి లోహపు ఫ్రేమును చేత్తో ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. ఫ్యాను వైరు ఊడదీసి, నాలుగు మూలల్లోని పిన్నుల తలల్ని బాణం గుర్తు చూపే వైపు తిప్పి పైకి లాగాలి. ఫ్యాను రాకపోతే గుంజకుండా కొంచెం అటూ ఇటూ మెలితిప్పండి. సాకెట్ పక్కనున్న లివర్‌ను కిందికి నొక్కి పక్కకు జరిపి ఎత్తితే రేకు తెరుచుకుంటుంది. పాత ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని నిలువుగా పైకి తీయండి. ఇప్పుడు కనిపించే పిన్నులు వెంట్రుకంత సన్నటివి. వేలు గానీ గుడ్డ గానీ తగిలి ఒకటి వంగినా బోర్డు మూలపడవచ్చు. మొత్తం పనిలో అతి జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదే. కొత్త ప్రాసెసర్ అంచుల్లో రెండు గాట్లు ఉంటాయి, సాకెట్‌లోని రెండు బొడిపెలు వాటిలో కూర్చోవాలి. నొక్కొద్దు, పెట్టి వదిలేస్తే దాని బరువుకే కూర్చుంటుంది. లివర్ మూసేటప్పుడు కొంచెం బలం పడుతుంది, కిర్రుమని చప్పుడూ వస్తుంది. అది మామూలే.

ఫ్యాను అడుగున ఎండిపోయిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఫ్యాను పిన్నుల తలల్ని మొదటి స్థానానికి తిప్పి, ఎదురెదురు మూలలవి జతగా నొక్కాలి, టక్కుమని వినిపించాలి. నాలుగూ బోర్డు వెనక్కి వచ్చాయో లేదో చూడండి. ఒక్కటి సరిగా దిగకపోయినా ఫ్యాను ఓ పక్కకు లేచి ప్రాసెసర్ వేడెక్కిపోతుంది. వైరును సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టండి.

వేడి సంగతి ముందే ఆలోచించుకోవాలి. జీ2030, ఐ3-3220 రెండూ 55 వాట్లవి. ఐ5-3470, ఐ7-3770 మాత్రం 77 వాట్లవి, రెండో తరం ఐ7-2600 అయితే 95. పెంటియంతో వచ్చిన పల్చటి అల్యూమినియం ఫ్యానుతో ఐ7ను నెట్టుకురావడం మంచిది కాదు. పైగా మూడో తరంలో లోహపు మూత కింద సోల్డర్ బదులు పేస్టే వాడారు, వేడి బయటికి రావడం ఆలస్యమవుతుంది. నడిమధ్యలో రాగి ఉన్న ఫ్యాను తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ పదేళ్ల నాటిదైతే దాన్నీ పరీక్ష చేయించండి.

ఇంత చేసినా ఈ కంప్యూటర్‌కు ఒకటి దక్కదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. మూడో తరంలో ఐ7 పెట్టినా ఆ గడప దాటదు. ఇక్కడ ఏఎండీ కొన్నవారు అదృష్టవంతులు. 2017లో ఏఎం4 సాకెట్ బోర్డు మీద రైజెన్ 3 1200 పెట్టించుకున్నవారు, బోర్డు కంపెనీ బయోస్ ఇచ్చి ఉంటే, అదే బోర్డు మీద 2022లో వచ్చిన రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. నాలుగు కోర్లు ఆరవుతాయి, విండోస్ 11కూ అర్హత వస్తుంది. అలాంటి కంప్యూటర్‌కు ప్రాసెసర్ మార్చడం ఎంత ఖర్చయినా సబబే అంటాను.

హెచ్61 సంగతి అది కాదు. దాని మీద ప్రాసెసర్‌కూ ఫ్యానుకూ పెట్టే ఖర్చు చిన్నదిగా ఉంటేనే పెట్టండి. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఎలాగూ పనికొస్తాయి. పిల్లల చదువుకు, బ్రౌజింగ్‌కు వాడేదైతే లినక్స్ మింట్ వేసుకోండి, నాలుగు కోర్ల మీద హాయిగా నడుస్తుంది, భద్రతా అప్‌డేట్లూ వస్తాయి. అను, పేజ్‌మేకర్ కోసం పాత విండోస్ ఉంచుకోక తప్పనివారు ఆ కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్ వైరు తీసేయండి, అది కుదరకపోతే బ్యాంకు పనులైనా దాని మీద చేయకండి.