నివాస ప్రాంతాలలో భారీ వాహనాల నిలుపుదల నియమాలు (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇళ్ళు ఉండే వీధులలోను, ఇళ్ళ ఆవరణలలోను ట్రెయిలర్లు, పడవలను మోసే బండ్లు, లారీలు, ఆర్.వి.లు మొదలైన పెద్ద వాహనాలను నిలుపుటపై స్థానిక ప్రభుత్వాలు విధించే నిబంధనలను భారీ వాహనాల నిలుపుదల నియమాలు అంటారు. పడక, వంటగది, మరుగుదొడ్డి వంటి సదుపాయాలు గల ప్రయాణ వాహనాన్ని ఆర్.వి. అని వ్యవహరిస్తారు. ఈ విషయమై దేశమంతటికీ వర్తించే ఒకే చట్టం లేదు. రాష్ట్రం ఇచ్చిన అధికార పరిధిలో ప్రతి నగరమూ తన నియమాలను తానే రూపొందించుకుంటుంది.

నియమాల ఉద్దేశము

కూడలి వద్ద ఎత్తైన వాహనం నిలిచి ఉంటే అడ్డంగా వచ్చే వాహనాలు, రోడ్డు దాటే పిల్లలు చోదకులకు కనిపించరు. ఇరుకు వీధులలో అగ్నిమాపక శకటాలు వెళ్ళుటకు దారి చాలదు. మురుగునీటిని వీధిలో వదలడం మరొక సమస్య. వీటితో పాటు వీధి అందం చెడుతుందనే అభ్యంతరం కూడా ఉన్నది. భూవినియోగాన్ని మండలాలుగా విభజించే అధికారం నగరాలకు కలదని 1926లో యూక్లిడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. ఇళ్ళ ఆవరణలకు సంబంధించిన నియమాలకు ఈ అధికారమే ఆధారం.

కాలిఫోర్నియా

కాలిఫోర్నియా వాహన నియమావళిలోని 22507వ విభాగం ప్రకారం వీధులలో నిలుపుదలను స్థానిక ప్రభుత్వాలు నియంత్రించవచ్చును. ఆరడుగులు, అంతకు మించిన ఎత్తు గల వాహనాలను కూడలికి 100 అడుగుల లోపు నిలపరాదని నిషేధించుట కూడా ఇందులో భాగమే. 22507.5వ విభాగం ప్రకారం 10,000 పౌండ్లు (సుమారు 4,536 కిలోలు), అంతకు పైబడిన బరువు స్థాయి గల వాణిజ్య వాహనాలను నివాస ప్రాంతాలలో నిలుపకుండా నిషేధించవచ్చును. సరుకు దించే లేదా ఎక్కించే వాహనాలకు మినహాయింపు ఉన్నది.

నగరాల కొలతలు ఒకే విధంగా లేవు. లాస్ ఏంజిల్స్‌లో 22 అడుగులకు మించిన పొడవు లేదా 7 అడుగులకు మించిన ఎత్తు గల వాహనాన్ని, హెచ్చరిక పలకలు పెట్టిన వీధులలో రాత్రి 2 నుండి ఉదయం 6 గంటల వరకు నిలపరాదు. శాన్ డియాగోలో 27 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు రెండింటినీ మించిన వాహనమే భారీ వాహనం. కాబట్టి ఒక నగరంలో నియమానికి లోబడిన వాహనం మరొక నగరంలో ఉల్లంఘన కావచ్చును.

ఇంటి ఆవరణ

సొంత స్థలంలో కూడా పూర్తి స్వేచ్ఛ ఉండదు. పలు నగరాలలో ట్రెయిలరును ఇంటి ముందు కాక పక్కన గాని, వెనుక గాని ఉంచవలెను. అందులో నివసించుట సాధారణంగా నిషిద్ధం. ఇంటి యజమానుల సంఘాలు ఇంకా కఠినమైన షరతులు విధించవచ్చును. ఇవి ప్రభుత్వ చట్టాలు కావు, ఇల్లు కొనేవారు అంగీకరించే ఒప్పందాలు. అందువలన నగరం అనుమతించినదానిని సంఘం నిషేధించే అవకాశమున్నది.

ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్ నగరంలో సొంత అవసరాలకు వాడే పికప్ ట్రక్కును సైతం రాత్రివేళ ఇంటి ముందు ఉంచరాదనే నియమం ఉండేది. ఇది చెల్లదని 2007లో అప్పీలు కోర్టు ధర్మాసనం చెప్పగా, 2010లో అదే కోర్టు పూర్తి ధర్మాసనం నగరాన్ని సమర్థించినది. చివరకు 2012లో నగర ఓటర్లే ఆ నియమాన్ని సడలించారు.

నివాసంగా మారిన వాహనాలు

అద్దెలు భరించలేక ఆర్.వి.లలోనే కాపురముండేవారికి ఈ నియమాలు గూడుకు సంబంధించిన సమస్య. వాహనాన్ని లాగుకొని పోతే వారికి ఇల్లు, సామాను ఒకేసారి దూరమవుతాయి. ఇరుగుపొరుగువారికి మాత్రం అది నెలల తరబడి కదలని అడ్డంకి. వాహనంలో నివసించుటను నిషేధించిన లాస్ ఏంజిల్స్ శాసనం అస్పష్టంగా ఉన్నదని 2014లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టివేసినది. ఆ తీర్పు నివసించుటకు సంబంధించినదే కాని, వాహన పరిమాణంపై గల నియమాలకు సంబంధించినది కాదు. 2025లో శాన్ ఫ్రాన్సిస్కో పెద్ద వాహనాల నిలుపుదలకు రెండు గంటల పరిమితిని ఆమోదిస్తూ, అప్పటికే వాటిలో ఉంటున్నవారికి తాత్కాలిక అనుమతి పత్రాలు ఇచ్చే ఏర్పాటు కూడా చేసినది.

ఇవి కూడా చూడండి

కాలిఫోర్నియా
లాస్ ఏంజిల్స్
పట్టణ ప్రణాళిక