విశ్వవిద్యాలయపు ఆయవ్యయములు

గ్రామములో చెరువుకట్టకు గండిపడినయెడల, దానిని పూడ్చుటకు ఎంత సొమ్ము కావలెను, ఆ సొమ్ము ఎవరిత్తురు, అది పనికి ముందు వచ్చునా, తరువాత వచ్చునా అని పెద్దలు మొదట విచారింతురు. విశ్వవిద్యాలయమును నడపువారును ఏటేటా ఈ విచారణయే చేయుదురు. అయితే చెరువు విషయమున ఒక్క సాయంకాలములో తేలిపోవు మాట అచ్చట ఇంచుమించు ఏడాది సాగును. నాలుగైదు సభల ముందునకు పోయి వచ్చును. ఆ నడకను ఈ ప్రసంగములో వివరించెదను.

ఇది మనకేల యని కొందరనవచ్చును. మీ యూరి పిల్లవాడో, పిల్లయో పెద్దచదువునకు పోయి, వసతిగృహములో గది దొరకలేదనియో, ప్రయోగశాలలో యంత్రమున్నను పనిచేయుట లేదనియో, పాఠము చెప్పు ఉపాధ్యాయుని స్థానము రెండేండ్లుగా ఖాళీగా నున్నదనియో ఇంటికి ఫోను చేసినప్పుడు, అక్కడివారు శ్రద్ధలేనివారని మనమనుకొందుము. ఒక్కొక్కప్పుడు అది నిజమే కావచ్చును. కాని పెక్కుమార్లు ఆ కష్టమునకు మూలము, పిల్లవాడు చేరుటకు ముందే, ఎవరో వ్రాసిన లేక వ్రాయ మరచిన ఒక పద్దులో నుండును.

ఉదాహరణమునకు అనంతపురములోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమును తీసికొందము. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టములో ఆంధ్రప్రదేశమునకు ఒక కేంద్ర విశ్వవిద్యాలయము, ఒక గిరిజన విశ్వవిద్యాలయము ఈయవలెనని యుండెను. అనంతపురములో 2018లోనే అరువు భవనములలో తరగతులు మొదలయ్యెను. 2019లో పార్లమెంటు, 2009 నాటి కేంద్ర విశ్వవిద్యాలయముల చట్టమును సవరించి, ఈ రెండు సంస్థలకును చట్టబద్ధమైన స్థానమిచ్చెను. బుక్కరాయసముద్రము మండలములోని జంతలూరు వద్ద స్థిరమైన ఆవరణమునకు స్థలము కేటాయింపబడినది. క్రొత్తగా ఇల్లు కట్టుకొని కాపురము పెట్టినవాని యింటి జమాఖర్చు చూచినచో, సంసారమునకు ఏమేమి కావలెనో బాగుగ తెలియును. అందుచేతనే పాతవానిని విడిచి ఈ సంస్థను చెప్పితిని.

మన దేశములో ప్రభుత్వపు లెక్కల సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన మొదలై మార్చి 31తో ముగియును. 1867 నుండి ఈ యాచారము నడచుచున్నది. చదువుల సంవత్సరమో, వేసవి గడచిన పిదప మొదలగును. కావున ఒక్క విద్యాసంవత్సరము రెండు లెక్కల సంవత్సరములలో కాళ్లు చాపుకొని యుండును. రైతు వానకారు పంటనుబట్టి ఏడాదిని లెక్కించును. షావుకారు ఉగాదికో, దీపావళికో క్రొత్తపుస్తకము తెరచును. ఇద్దరికిని పొత్తు కుదురుటలో నున్న చిక్కే ఇచ్చటను ఉన్నది. ఏప్రిలు, మే నెలలలో జీతములీయక తప్పదు. క్రొత్త విద్యార్థుల రుసుములు మాత్రము ఇంకను వచ్చియుండవు.

పని సాధారణముగా వర్షాకాలము ముగియునప్పటికి ఆరంభమగును. విశ్వవిద్యాలయమున విత్తాధికారి యను ఉద్యోగి యుండును. పూర్వము కరణముగారు ఊరి లెక్కలకెట్టివారుగా నుండిరో ఆయన అచ్చటి లెక్కలకట్టివాడు. ఆయన ప్రతి శాఖాధిపతికిని ఒక పట్టిక పంపి, మీకేమి కావలెనో వ్రాయుడని యడుగును. ఆ పట్టికలో ముఖ్యముగా మూడు వరుసలుండును. మొదటిది గడచిన సంవత్సరము నిజముగా వ్యయమైన సొమ్ము. రెండవది నడచుచున్న సంవత్సరపు సవరించిన అంచనా. అనగా మొదట ఇంత యనుకొంటిమి, ఇప్పటికి ఇంత యైనది, మార్చిలోగా ఇంత కావచ్చును అను లెక్క. మూడవది రాబోవు సంవత్సరమునకు కోరు సొమ్ము. పట్టికలు చదివి వినిపించుట రేడియోకు తగిన పని కాదు గనుక వరుసల పేర్లు చెప్పి విడిచితిని. కాని ఈ మూడింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచుట నేర్చినవానికి సంస్థ గుట్టంతయు తెలిసిపోవును. నూరు రూపాయలు మంజూరైనచోట అరువదియే వ్యయమై, మరుసటి యేడు నూటయిరువది యడిగిన శాఖ యున్నదనుకొనుడు. అచ్చట పని జరుగుట లేదా? లేక సొమ్ము ఆలస్యముగా వచ్చినదా? ఈ ప్రశ్న అడుగక ముందునకు పోరాదు.

శాఖలు కోరినదంతయు కూడినచో ఆ మొత్తము ఎన్నడును దొరకదు. కోరువారికిని ఆ సంగతి తెలియును. కోయుదురని తెలిసి కొంత ఎక్కువ వ్రాయుదురు. ఎక్కువ వ్రాయుదురని తెలిసి పైవారు కోయుదురు. సంతలో ఎద్దుల బేరమువలె నుండు ఈ పద్ధతి నాకు మంచిదిగా తోచదు. నిజము వ్రాసిన శాఖ ఇందులో నష్టపడును.

ఇక పద్దుల విషయము. కేంద్ర విశ్వవిద్యాలయములకు సొమ్ము విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ద్వారా వచ్చుచున్నది. ఈ సంఘము 1953లో ఏర్పడి, 1956లో చట్టబద్ధమైనది. అది యిచ్చు ద్రవ్యము మూడు పద్దులక్రింద నుండును. జీతముల పద్దునకు 36 అనియు, నిత్యవ్యయముల పద్దునకు 31 అనియు, భవనములు, యంత్రములు మొదలైన స్థిరాస్తుల పద్దునకు 35 అనియు సంఖ్యలు పెట్టియున్నారు. ఒక పద్దులోని సొమ్ము మరియొక పద్దునకు తమ యిష్టమువచ్చినట్లు త్రిప్పుటకు వీలులేదు. ఇదియే ఈ వ్యవహారములోని కీలకము. ఇంటియజమాని పెండ్లికని దాచిన సొమ్మును వైద్యమునకు వాడుకొనవచ్చును. విశ్వవిద్యాలయము అట్లు చేయరాదు.

జంతలూరువంటి చోట ఒక రసాయనశాస్త్ర ప్రయోగశాల కట్టవలెననుకొందము. గోడలు, కప్పు, యంత్రములు 35వ పద్దులోనివి. పాఠము చెప్పు ఆచార్యుని జీతము 36వ పద్దులోనిది. దీపములకు విద్యుచ్ఛక్తి, గాజుసామాను, రసాయనద్రవ్యములు, యంత్రము చెడినప్పుడు మరమ్మతు, ఇవి 31వ పద్దులోనివి. భవనము వచ్చినదని సంతోషించి 31వ పద్దును పెంచమని అడుగుట మరచినచో, ఎద్దులజత కొని గడ్డివామి మాట మరచిన కాపువలె నగుదురు. యంత్రము మూలనుండును. కావుననే అనుభవముగల విత్తాధికారి, ఎవరైన క్రొత్త భవనమడిగిన వెంటనే, దానిని ఊడ్చువారెవరు, దీపములకు డబ్బెవరిత్తురు అని మొదట ప్రశ్నించును. వానిని పిసినిగొట్టని తిట్టుకొనువారు కలరు. అతని ప్రశ్న మాత్రము న్యాయమైనది.

జీతముల పద్దు తక్కిన రెండింటికంటె బరువైనది. దానిని లెక్కకట్టుట చూచుటకు సులువుగానుండి, చేయుటకు కష్టముగానుండును. ఉన్నవారి జీతము తెలిసినదే. కాని ధరలనుబట్టి కరువుభత్యము జనవరిలోను, జులైలోను, ఏడాదికి రెండుమార్లు మారును. వార్షికవృద్ధి కలదు. కొందరు విరమింతురు, కొందరు చేరుదురు. ఖాళీస్థానములన్నియు నిండునని వ్రాసినచో, నిండనప్పుడు సొమ్ము మిగులును. నిండవని వ్రాసినచో, నియామకములు జరిగినప్పుడు జీతమునకు డబ్బుండదు. వీనికి తోడు జీతముల సవరణ వచ్చినప్పుడు పాతబాకీలు మీదపడును. 2016 జనవరి 1వ తేదీ మొదలు అమలైన సవరణకు విశ్వవిద్యాలయ అధ్యాపకుల విషయమున ఉత్తరువులు 2017 చివరనే వెలువడెను. అంతకాలపు బకాయి ఒక్కసారిగా ఏ పద్దులో కూర్చుండునో ఊహించుకొనుడు.

సంస్థకు స్వంతాదాయమును కలదు: రుసుములు, దరఖాస్తుల సొమ్ము, వడ్డీ మొదలైనవి. గ్రాంటు నిర్ణయించునప్పుడు ఈ యాదాయమునుకూడ లెక్కలోనికి తీసికొందురు. పరిశోధనలకై కేంద్రప్రభుత్వశాఖలిచ్చు సొమ్ము ఆయా పరిశోధనకే కట్టుబడి యుండును. దానితో గోడకు సున్నము వేయింపరాదు. జాతీయపరీక్షలో ఉత్తీర్ణుడై పరిశోధన వేతనము పొందు విద్యార్థికి ఆ సొమ్ము నేరుగా అతని బ్యాంకు ఖాతాకే వచ్చును. అట్టివేతనము ఆగినప్పుడు ఆగిన స్థలము విశ్వవిద్యాలయపు పెట్టె కాకపోవచ్చును; తరుచుగా హాజరు ధ్రువపత్రము సకాలమున పైకి పోయినదా లేదా యని విచారింపవలసియుండును.

ఇట్లు సిద్ధమైన అంచనా ఢిల్లీకి పోవును. గ్రాంట్ల సంఘము, విద్యామంత్రిత్వశాఖ, ఆర్థికమంత్రిత్వశాఖ దానిని వరుసగా పరిశీలింతురు. దేశపు బడ్జెటు 2017 నుండి ఫిబ్రవరి 1వ తేదీన పార్లమెంటునకు సమర్పింపబడుచున్నది. అందులో సాధారణముగా ఒక్కొక్క విశ్వవిద్యాలయము సంగతి విడివిడిగా చర్చకు రాదు. చాలవరకు అన్నింటికి కలిపి ఇంత యని యుండును. దానిలో ఎవరి వంతు ఎంతయో పిదప తెలియును. ఒక్క పంటకాలువ నీరు పలువురి పొలములకు పారవలసినప్పుడు చివరి మడి రైతు గట్టుమీద నిలుచుండి చూచునట్లు, విత్తాధికారులు ఆ దినములలో చూచుచుందురు.

విశ్వవిద్యాలయములోపలి ఆమోదమునకు రెండు మెట్లు కలవు. మొదటిది విత్తసంఘము. 2009 చట్టములోని నిబంధనలనుబట్టి దీనికి వైస్ చాన్సలరు అధ్యక్షుడు. కార్యనిర్వాహకమండలి నియమించిన ముగ్గురును, విజిటరను హోదాగల రాష్ట్రపతి నియమించిన ముగ్గురును ఇందుందురు. అయిదుగురైన రానిదే సభ చెల్లదు. ఏడాదికి మూడుసార్లకు తక్కువగాక కూడవలెను. సంవత్సరమునకు నిత్యవ్యయమింత మించరాదు, ఇతరవ్యయమింత మించరాదు అను హద్దులను సంస్థ వనరులనుబట్టి ఈ సంఘమే సిఫారసు చేయును. క్రొత్త ఉద్యోగములు సృష్టింపవలెనన్న ప్రతిపాదన ఏదియైనను ముందు దీని పరిశీలనకు రాక పైకి పోరాదు. రెండవమెట్టు కార్యనిర్వాహకమండలి. విత్తసంఘము వ్యాఖ్యలతో వచ్చిన అంచనాను ఆమోదించు అధికారము దానిదే.

ఈ రెండు సభలను వేరువేరుగా నేల పెట్టిరి? పని కోరువాడు, సొమ్ము చూచువాడు ఒక్కడే యైనచో కోరిక గెలుచును. కార్యనిర్వాహకమండలిలో విద్యాభివృద్ధి కోరు ఆచార్యులుందురు. క్రొత్త శాఖ పెట్టుదమన్నచో వారికి ఉత్సాహము కలుగుట సహజము. సొమ్మున్నదా యని ముందే వేరొకచోట అడిగించి, ఆ జవాబు కాగితము మీద పెట్టించుకొని, తరువాత ఉత్సాహపడుట మేలని చట్టము చేసినవారు తలంచిరి. ఆ కాగితమును చదువక తలయూచు సభ్యులున్నచోట ఈ యేర్పాటంతయు వ్యర్థము.

ఆమోదము కాగానే సొమ్ము పెట్టెలో పడదు. అది వాయిదాలమీద వచ్చును. వెనుక ఇచ్చినదానికి వినియోగ ధ్రువపత్రము చూపవలెను. ఖర్చుగాక మిగిలినదానిని ముందు ఇవ్వబోవుదానిలో తగ్గించుకొందురు. ఇందువలన మార్చినెలలో కొనుగోళ్ల తొందర పుట్టుచున్నది. ఏడాది పొడుగునను బల్లలు లేక నిలుచున్న తరగతికి మార్చి చివరివారములో అవసరమునకు మించిన బల్లలు వచ్చుట విచిత్రముగా తోచును గాని, మిగిలిన సొమ్ము పోవునను భయమే దానికి కారణము.

రాష్ట్ర విశ్వవిద్యాలయముల పద్ధతి కొంత వేరు. వానికి రాష్ట్రప్రభుత్వము ఏడాదికింత యని బ్లాకు గ్రాంటు ఇచ్చును. జీతములు, విరమించినవారి పింఛనులు అందులోనుండియే చాలవరకు చెల్లవలెను. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి దశాబ్దములలో జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేటా లక్ష రూపాయలిచ్చిన సంగతి పెద్దలు వినియుందురు. అచ్చటి శాస్త్ర కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. నేడు అట్టి దాతలు అరుదు. సంస్థ వయస్సు పెరిగినకొలది పింఛను పుచ్చుకొనువారి సంఖ్య పెరుగును. గ్రాంటు ఆ లెక్కన పెరుగనిచో, ఖాళీలు నింపుట మాని ఒప్పందపు ఉపాధ్యాయులతో తరగతులు నడపుట మొదలగును. పిల్లలకు దాని ఫలితము వెంటనే తెలియును, ప్రజలకు పదేండ్లకు తెలియును.

సంవత్సరము ముగిసిన తరువాత కేంద్ర విశ్వవిద్యాలయముల లెక్కలను భారత కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు తనిఖీ చేయించును. రెండు తనిఖీలనడుమ పదునైదు నెలలకు మించి గడువుండరాదు. తనిఖీ నివేదికతోకూడిన వార్షికలెక్కలు విజిటరునకు సమర్పింపబడి, పార్లమెంటు ఉభయసభల బల్లమీదను ఉంచబడును.

వీనిని చూచుటకు పార్లమెంటు సభ్యుడే కానక్కరలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టమును అనుసరించి ప్రతి ప్రభుత్వసంస్థయు తన బడ్జెటును, వ్యయ వివరములను అడుగకయే ప్రకటింపవలెను. ప్రకటింపనిచో, లేదా ప్రకటించినది చాలనిచో, ఆ సంస్థలోని సమాచారాధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. వసతిగృహమునకు గడచిన యేడు మంజూరైనదెంత, వ్యయమైనదెంత, ఈ యేడు కోరినదెంత అని మూడు వరుసలే అడిగిన చాలును. కేంద్రసంస్థలకు అర్జీ రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు అదియు చెల్లింపనక్కరలేదు. జవాబు ముప్పది దినములలో రావలెను. అర్జీ తెలుగులోనే వ్రాయవచ్చును.