ఫోన్‌లో సెంట్ అని ఉంది, మెయిల్ మాత్రం వెళ్లలేదు!

పోయిన ఎపిసోడ్‌లో వీపీఎస్ మీద పోస్ట్‌ఫిక్స్‌తో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాం కదా. ఆ సర్వర్‌ని నమ్ముకుని నేను ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకున్నా. "శుక్రవారం వస్తారా?" అని మెయిల్ వచ్చింది. "వస్తానండి" అని వెంటనే జవాబిచ్చా. సెంట్ ఫోల్డర్‌లో చక్కగా కనబడుతోంది కూడా. వాళ్లకి మాత్రం అందలేదు. ఆ స్లాట్ ఇంకొకరికి వెళ్లిపోయింది.

ఫోన్‌లో సెంట్ అంటే మెయిల్ మన సర్వర్ దాకా వెళ్లిందని మాత్రమే. అక్కడి నుంచి అవతలి సర్వర్‌కి చేరిందో లేదో మెయిల్ లాగ్‌లో చూడాలి. నేను తెరిచి చూస్తే ఏముంది? "డిఫర్డ్, కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని వరసగా లైన్లు. డిఫర్డ్ అంటే ఇప్పుడు కుదర్లేదు, మళ్లీ ట్రై చేస్తా అని. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు అలా ట్రై చేసి, అప్పుడు గానీ మనకి బౌన్స్ పంపదు. ఈలోపు ఒక్క ముక్క చెప్పదు! డిలే వార్నింగ్ టైమ్ అనే సెట్టింగ్‌ని 4 గంటలకి మార్చుకోండి. నేను ముందే చేయాల్సిన పని అది.

అసలు కారణం పోర్ట్ 25. మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునేది దాని మీదే. స్పామ్ భయంతో చాలా క్లౌడ్ కంపెనీలు బయటికి వెళ్లే దారి మూసేసి ఉంచుతాయి. లోపలికి మెయిళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి మనకి అనుమానం రాదు. సపోర్ట్‌కి టికెట్ పెడితే తెరిచారు.

హమ్మయ్య అనుకునేలోపే జీమెయిల్ 550 అని తిప్పికొట్టింది. కోడ్ 4తో మొదలైతే కాసేపాగి రమ్మని, 5తో అయితే ఈ మెయిల్ తీసుకోనని అర్థం. పక్కనే పీటీఆర్ రికార్డ్ లేదని రాసుంది. అంటే ఐపీ అడ్రస్ నుంచి పేరు చెప్పే రికార్డ్. పెట్టానే! కానీ పెట్టింది ఐపీవీ4కి, మెయిల్ వెళ్లింది ఐపీవీ6 మీద. ఒక గంట జుట్టు పీక్కున్నా.

ఇది డొమైన్ కొన్నచోట కాదు, ఐపీ ఇచ్చిన వీపీఎస్ వాళ్ల ప్యానెల్‌లో పెట్టాలి. ఆ పేరుని వెతికితే మళ్లీ అదే ఐపీ రావాలి. ఎస్పీఎఫ్ లైన్‌లోనూ ఐపీవీ6 చేర్చా. రెండో ఎస్పీఎఫ్ రికార్డ్ మాత్రం పెట్టకండి, రెండుంటే చెక్ ఫెయిలవుతుంది.

మళ్లీ పంపితే లాగ్‌లో 250 ఓకే అని పడింది. తీరా చూస్తే మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో ఉంది. ఆ గొడవ వచ్చే ఎపిసోడ్‌లో!