క్షయ మందుకు నానో పొట్లం: తిరువళ్లూరు పల్లెలు నేర్పిన పాఠం

క్షయ రోగానికి మందులున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. అయినా రోగం మనల్ని వదలడం లేదు. అందుకు కారణాలు చాలా ఉన్నా ముఖ్యమైనది ఒకటుంది: మామూలు క్షయకైనా కనీసం ఆరు నెలల పాటు మాత్రలు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది, కూలి పనికి వెళ్లక తప్పదు. అక్కడితో కొందరు మాత్రలు ఆపేస్తారు. మిగిలిపోయిన క్రిములు మళ్లీ పెరుగుతాయి. ఈసారి అవి పాత మందులకు లొంగకపోవచ్చు.

అంటే మందుకు బలం ఉంటే చాలదు. చేరవలసిన చోటికి, కావలసినన్ని రోజులు అది చేరుతూ ఉండాలి. మందులను, టీకాలను పాలిమర్ నానో రేణువుల్లో పెట్టి పంపే పరిశోధన అంతా దీనికోసమే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఈ విషయాన్ని తెలుగులోనే చక్కగా చెప్పవచ్చు.

కణమా, రేణువా?

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. జీవశాస్త్రంలో కణం అంటే సెల్. భౌతికశాస్త్రంలో కణం అంటే పార్టికల్. 'నానో కణం రక్షక కణంలోకి వెళ్లింది' అంటే ఏది దేనిలోకి వెళ్లిందో పిల్లలకు తెలియదు. అందుకే మేము మందు మోసేదాన్ని నానో రేణువు అంటాం. కణం అనే మాటను జీవకణానికే ఉంచుతాం.

మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. 200 నానోమీటర్ల రేణువులను పక్కపక్కనే 400 పేరిస్తే ఒక వెంట్రుక మందమవుతుంది.

పెరుగులోని ఆమ్లంతో పొట్లం

పాలిమర్ అనగానే పిల్లలకు ప్లాస్టిక్ సంచి గుర్తొస్తుంది. మందుల కోసం వాడే పాలిమర్ అలా మిగిలిపోయేది కాదు. వీటిలో బాగా పేరున్నది పీఎల్‌జీఏ. లాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లం అణువులను గొలుసులా కలిపితే ఇది వస్తుంది. పెరుగుకు పులుపునిచ్చేది ఆ లాక్టిక్ ఆమ్లమే. శరీరంలోని నీరు తగిలి ఈ గొలుసు మెల్లగా తెగుతుంది. తెగిన ముక్కలు చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారి బయటికి పోతాయి. శస్త్రచికిత్స తర్వాత వాటంతటవే కరిగిపోయే కుట్ల దారాల్లోనూ ఈ జాతి పాలిమర్లే ఉంటాయి.

పొట్లం కరిగేకొద్దీ లోపలి మందు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. రెండు ఆమ్లాల పాళ్లు మార్చి అది కరిగే వేగాన్ని మార్చవచ్చు. ఇలా పాలిమర్ నుంచి ప్రొటీన్ల వంటి పెద్ద అణువులను రోజుల తరబడి విడుదల చేయవచ్చని అమెరికాలో రాబర్ట్ లాంగర్, జూడా ఫోక్‌మన్ 1976లో చూపించారు. టీకాల్లోనూ ఇదే ఆలోచన. రెండు మూడు సూదుల పని ఒక్క సూదితో జరిగేలా చూడాలని పరిశోధకుల ప్రయత్నం.

క్రిమి దాక్కున్న ఇంటికే

క్షయ విషయంలో ఈ రేణువులకు మరో అనుకూలత ఉంది. మన ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలుంటాయి. లోపలికొచ్చిన క్రిములను మింగి చంపడం వాటి పని. క్షయ క్రిమి మాత్రం ఆ కణం మింగినా చావకుండా, దాని లోపలే కాపురం పెడుతుంది. నానో రేణువులను కూడా ఆ కణాలే మింగుతాయి. అంటే శత్రువు దాక్కున్న ఇంట్లోకే మందు చేరుతుందన్నమాట.

చండీగఢ్‌లోని పీజీఐలో జి.కె. ఖుల్లర్ బృందం దీన్ని ఎలుకల మీద పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్ మందులను ఈ పాలిమర్ రేణువుల్లో పెట్టి నోటి ద్వారా ఇచ్చారు. విడిగా ఇచ్చిన మందులు ఒక్క రోజులోనే రక్తంలోంచి పోయాయి. రేణువుల్లో పెట్టినవి ఒక్క మోతాదుతోనే తొమ్మిది రోజులకు పైగా అవయవాల్లో సరిపడా నిలిచాయి. క్షయ సోకిన ఎలుకలకు పది రోజులకొకసారి చొప్పున అయిదు మోతాదులు ఇచ్చాక వాటి అవయవాల్లో క్రిములు కనిపించలేదు.

మరి మనుషులకు ఎందుకు ఇవ్వడం లేదని పిల్లలు తప్పక అడుగుతారు. దానికి జవాబు మన జిల్లా చరిత్రలోనే ఉంది.

పల్లెలు చెప్పిన నిజం

తిరువళ్లూరు అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. బీసీజీ టీకా క్షయను ఎంతవరకు ఆపుతుందో తేల్చడానికి 1968లో ఇక్కడి పల్లెల్లోనే ప్రపంచంలోకెల్లా పెద్ద పరీక్ష మొదలైంది. సుమారు 2.8 లక్షల మందికి బీసీజీ గానీ, మందు లేని సూది గానీ వేశారు. ఎవరికి ఏది వేశారో వారికి తెలియదు. 15 ఏళ్లపాటు గమనించారు. పెద్దవారిలో ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. ఎంతో ఆశ పెట్టుకున్న టీకా గురించి ప్రపంచానికి ఈ చేదు నిజం తెలిసింది మన పల్లెల వల్లనే. పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి తీవ్రమైన రూపాల నుంచి బీసీజీ కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేయడం నేటికీ సాగుతోంది.

నానో రేణువులూ ఇలాంటి పరీక్షకు నిలవాలి. ప్రయోగశాలలో గ్రాముల్లో చేసినదాన్ని కర్మాగారంలో ఒకే కొలతతో చేయగలగాలి. ధర అందుబాటులో ఉండాలి. మరో చిక్కు కూడా ఉంది. మాత్ర పడకపోతే మరునాడు మానేయవచ్చు, పది రోజులు ఒంట్లో ఉండే మందును వెనక్కి తీయలేం. అందుకే నేటికీ క్షయ రోగులకు ఇస్తున్నది మామూలు మాత్రలే.

పెద్దవారికి పనికొచ్చే క్షయ టీకా కోసం వెతుకులాట కూడా ఆగలేదు. స్పెయిన్‌లో రూపొందిన ఎంటీబీవ్యాక్ అనే టీకాకు మన దేశంలో మనుషుల మీద పరీక్షలు 2024లో మొదలయ్యాయి. వాటిని చేపట్టినది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. 1996లో ఆ సంస్థను స్థాపించిన కృష్ణ ఎల్ల పుట్టింది తిరుత్తణి దగ్గరి నెమిలిలో, ఒక రైతు కుటుంబంలో. మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు చివర్లో రెండు మాటలు బోర్డు మీద రాయించాలని మా మనవి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కఫం పరీక్ష చేయించాలి. ఇంట్లో ఎవరైనా క్షయ మాత్రలు వాడుతుంటే, దగ్గు తగ్గినా డాక్టరు చెప్పేవరకు ఆపకూడదు. నానో పొట్లం వచ్చేదాకా, మందు రోజూ అందేలా చూడవలసింది ఇంట్లోవాళ్లే. ఆ మాటను ఇంటికి మోసుకెళ్లగలిగేది మన పిల్లలే.