ఆకు చెప్పే జబ్బు

"బాబాయిగారూ, ఈ నిమ్మచెట్టు కొట్టించేస్తున్నాం. నాలుగేళ్ళు పెంచాక ఇప్పుడు పాలిపోతోంది. పూటకో బిందె నీళ్ళు పోస్తూనే ఉన్నాను గదా!" అని వాపోయింది పక్కింటి అమ్మాయి.

గొడ్డలివాణ్ణి రేపు రమ్మనమని చెప్పి, చెట్టు దగ్గరకు వెళ్ళి చూశాను. ముదురాకులు నిక్షేపంలా ఉన్నాయి. చిగురాకులే పసుపుబారాయి. వాటిలోనూ ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి.

జబ్బు పోల్చుకోవడానికి ఈ గుర్తులే ఆధారం. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి చిగుళ్ళకు పంపుకొంటుంది. అందుచేత ముందు కింది ఆకులు పాలిపోతాయి. దానికి చివికిన పశువుల ఎరువు, వేపపిండి మందు. ఇనుము సంగతి వేరు. ఒక ఆకులో చేరిన ఇనుము మరొక ఆకుకు సులభంగా కదలదు. కనుక లోటు చిగుళ్ళలోనే మొదట బయటపడుతుంది.

మన మట్టిలో ఇనుముకు కరువా అంటే, కాదు. సున్నం ఎక్కువైన నేలలో అది వేళ్ళకు అందకుండా బిగిసిపోతుంది. పాదు తవ్వితే, ఇల్లు కట్టినప్పుడు తాపీవాళ్ళు పారబోసిన సున్నం, గచ్చు పెళ్ళలు బయటపడ్డాయి. గుప్పెడు పొడిమట్టి మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగింది. పైగా అడుగున బురద! నీరు నిలిస్తే వేళ్ళకు గాలి ఆడదు. అమ్మాయి ప్రేమతో పోసిన బిందెలే సగం ముప్పు తెచ్చాయన్నమాట.

పెళ్ళలు ఏరించి, నీళ్ళు తగ్గించి, పాదులో చివికిన ఎరువు వేయించాను. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, 15 రోజులకొకసారి చొప్పున మూడుసార్లు, ఎండ తగ్గాక ఆకులమీద చల్లాం. ఈ వైద్యం కొత్తదేమీ కాదు. ఇనుప లవణంతో పాలిపోయిన ఆకులు తేరుకొంటాయని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గ్రీ 1840 దశకంలోనే చూపాడు. మూడో విడతకల్లా చిగుళ్ళు ఆకుపచ్చగా వచ్చాయి.

అయితే పాలిపోయిన చెట్టుకల్లా అన్నభేది చల్లకండి. నిమ్మలో కొత్త ఆకులు కురచగా, సన్నగా వచ్చి ఈనెల మధ్య పసుపు మచ్చలు వేస్తే అది జింకు లోపం. ఆకులు జిగటగా ఉండి, కొమ్మలమీద చీమలు బారులు తీరితే, తెల్లని పిండినల్లి కోసం ఆకుల అడుగున వెతకండి. దానికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి చల్లాలి.

మొన్న ఉదయం అమ్మాయి నాలుగు నిమ్మకాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గొడ్డలివాడు కనిపించాడు బాబాయిగారూ. వెనకవీధిలో కరివేపచెట్టు కొట్టబోతున్నాడట. కాస్త ఆగమన్నాను. పాలిపోయింది చిగురాకులో, ముదురాకులో చూసివస్తాను" అంటూ వెళ్ళిపోయింది.