కొత్త బండి ఇల్లు చేరేదాకా

కర్నూలు, నంద్యాల వైపు కుటుంబాలలో కొత్త మోటారు సైకిలు కొనే ప్రస్తావన వస్తే, హైదరాబాద్ పేరు తరచుగా వినిపిస్తుంది. కోరిన మోడలు, కోరిన రంగు అక్కడ త్వరగా దొరకవచ్చు. లేదా ఉద్యోగరీత్యా అక్కడే ఉంటున్న కుమారుడు నెలనెలా కూడబెట్టి, వడ్డీ ఒప్పందం జోలికి పోకుండా, పూర్తి రొక్కంతో కొనవచ్చు. అల్‌హమ్దులిల్లాహ్, సంతోషించవలసిన విషయమే. అయితే ధర గురించి నెలల తరబడి ఆరా తీసే కుటుంబాలు, ఆ బండి ఇల్లు ఎలా చేరాలన్న ప్రశ్నకు పది నిమిషాలైనా కేటాయించడం లేదు. సాయంత్రం తాళంచెవి చేతికి వస్తుంది. "ఇప్పుడే బయలుదేరుతున్నాను అబ్బా, రాత్రికి ఇంట్లో ఉంటాను" అంటాడు కుమారుడు ఫోనులో. "జాగ్రత్తగా రా బేటా" అంటాడు తండ్రి. మధ్యలో రెండు వందల కిలోమీటర్లకు పైగా 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, చీకటి ఉంది, అలవాటు పడని బండి ఉంది. ఆ సంభాషణ మరో విధంగా సాగాలని మేము కోరుతున్నాము.

ఊరికి దూరంగా వాహనం కొని ఇంటికి తెచ్చుకోవడం ఈ కాలపు విషయమేమీ కాదు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒంటె వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక ప్రయాణంలో ఆయన ఒంటె అలసి వెనుకబడింది. దైవప్రవక్త (సఅసం) దానిని అదిలించగా అది చురుకుగా నడవసాగింది. తర్వాత దానిని తమకు అమ్మమని ఆయన అడిగారు. మదీనా చేరేవరకు తానే దానిపై స్వారీ చేస్తానన్న మాట మీద జాబిర్ (రజి) అమ్మారు. మదీనా చేరాక దైవప్రవక్త (సఅసం) ధర చెల్లింపజేసి, ఒంటెను కూడా ఆయనకే ఇచ్చివేశారు. బేరంలో ఇలాంటి షరతు పెట్టవచ్చా అన్న విషయమై ఫిఖ్ పండితులు దీర్ఘంగా చర్చించారు. ఇమామ్ అహ్మద్ దీనిని అనుమతికి ఆధారంగా తీసుకోగా, ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ షాఫిఈ అలా తీసుకోలేదు. ఆ చర్చ పండితులకే వదిలి, మేము ఒక్క విషయం వైపు దృష్టి మళ్ళిస్తున్నాము. వాహనం ఎక్కడివరకు ఎవరి చేతిలో ఉంటుందో అక్కడ ముందే మాట్లాడుకున్నారు.

షోరూంలోనూ ఆ మాట ముందే రావాలి. కొన్న సరుకు కొనుగోలుదారుని స్వాధీనంలోకి రాకముందే నష్టపోతే ఆ భారం అమ్మినవానిదేనని హనఫీ ఫిఖ్ చెబుతుంది. బండిని మీ ఊరికి చేర్చే ఏర్పాటు డీలరే చేస్తానంటే, దారిలో దెబ్బ తగిలితే పూచీ ఎవరిదో రొక్కం చెల్లించకముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

ఇక చిరునామా సంగతి. 2014 తర్వాత హైదరాబాద్, కర్నూలు రెండు వేర్వేరు రాష్ట్రాలలో ఉన్నాయి. కర్నూలులో నివసించేవారు హైదరాబాద్‌లో బండి కొంటే అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకొని, శాశ్వత రిజిస్ట్రేషన్, జీవితకాల పన్ను తమ రాష్ట్రంలో పూర్తి చేసుకోవాలి. "అంత శ్రమ ఎందుకు, ఇక్కడున్న మీ మామూజాన్ చిరునామా ఇవ్వండి" అని సలహా ఇచ్చేవారు ఉంటారు. నివసించని చోట నివసిస్తున్నానని సంతకం చేయడం అబద్ధమే. బంధువు ఇంటి కాగితాలు జతచేసినంత మాత్రాన అది నిజమైపోదు. లోకరీత్యా చూసినా లాభం లేదు. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు నిరభ్యంతర పత్రం, మళ్ళీ పన్ను, మొదట కట్టిన పన్ను వాపసు కోసం దరఖాస్తు!

బండిని రైలులో పంపడం చాలామంది అనుకున్నంత కష్టం కాదు. కాచిగూడ నుండి కర్నూలుకు రైళ్ళున్నాయి. బండి యజమాని అదే రైలులో టికెట్టుతో ప్రయాణిస్తూ దానిని లగేజీగా వేయవచ్చు; లేదా పార్సిలుగా పంపవచ్చు. పార్సిలుకు రుసుము తక్కువే గాని, బండి ఏ రోజు చేరుతుందో కచ్చితంగా చెప్పలేము. బండి కాగితాల నకళ్ళు, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. హెడ్‌లైటు, ట్యాంకు, హ్యాండిలు గోనెతో, గడ్డితో గట్టిగా కట్టించాలి. చేరవలసిన స్టేషను పేరు బండి మీద స్పష్టంగా కనిపించాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క మిగలకూడదు. ప్రమాదకర వస్తువును రైలెక్కిస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు రైల్వే చట్టంలో ఉంది. ఆ పెట్టెలోనే ఇతరుల సామాను, ఆ రైలులోనే ఇతరుల ప్రాణాలు ఉంటాయి కదా. బండి విలువను ప్రకటించి, దానికి తగిన అదనపు రుసుము చెల్లిస్తేనే నష్టపరిహారం విలువకు తగినట్లు లభిస్తుంది. లారీ ట్రాన్స్‌పోర్టులో పంపినా ఇదే పద్ధతి: విలువ రాయించి రసీదు తీసుకోవాలి.

బీమా పత్రాన్ని ఒకసారి చదవండి. 2018 సెప్టెంబరు నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది మీ బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికే వర్తిస్తుంది. మీ బండికి కలిగే నష్టానికి వేరే బీమా ఉండాలి. రోడ్డు, రైలు మార్గాలలో తరలించేటప్పుడు కలిగే నష్టం కూడా మామూలుగా దాని పరిధిలోకే వస్తుంది.

అయినా నడుపుకుంటూ వస్తాననే యువకులు ఎక్కువే. వారిని పూర్తిగా వారించలేము, వారించాలన్న పట్టుదలా మాకు లేదు. కాని ఫజ్ర్ నమాజు చేసి బయలుదేరాలి, ఒంటరిగా రాకూడదు. రౌతు రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించడంలోని ప్రమాదాన్ని దైవప్రవక్త (సఅసం) గట్టిగా హెచ్చరించినట్లు బుఖారీలో ఉంది. దీపాలు లేకుండా వచ్చే ట్రాక్టరు, రోడ్డు పక్కన ఆపిన లారీ ఎంత ప్రమాదకరమో ఈ రహదారిపై ఒక్కరాత్రి ప్రయాణించినవారికి తెలుసు. కొత్త టైర్ల పైపొర నునుపుగా ఉంటుంది. అది అరిగేవరకు మలుపులలో పట్టు తక్కువ. కొత్త బ్రేకులు కూడా కుదురుకోవాలి. ఇంజనుకు మొదట్లో ఒకే వేగంతో గంటల తరబడి పరుగు మంచిది కాదని కంపెనీల పుస్తకాలే చెబుతాయి. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, ఎక్కడైనా ఆగి ఇంజను చల్లబడనివ్వండి, వెన్ను వాల్చండి. నగరం దాటడానికి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కవద్దు. దాని ప్రధాన మార్గంలో ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్లు రెండూ తలల మీద ఉండాలి, మోచేతికి వేలాడకూడదు.

జుహర్ వేళ దారిలోనే వస్తే తొందరపడి వదిలేయనక్కర లేదు. దూరం సుమారు 78 కిలోమీటర్లు దాటుతుంది కనుక హనఫీ మస్లక్ ప్రకారం జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులే. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేయాలి. సొంత ఊరి పొలిమేర దాటి లోపలికి రాగానే ఖస్ర్ ముగుస్తుంది.

షోరూం గుమ్మంలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం, హ్యాండిలుకు నల్లదారం కట్టడం ఉద్యోగులకు అలవాటు. వారు మర్యాదగా చేస్తారు, మనమూ మర్యాదగానే వద్దనవచ్చు. జుఖ్రుఫ్ సూరా 13, 14 ఆయతులలోని వాహన దుఆ మన పిల్లలకు నోటికి వచ్చేలా నేర్పించి ఉంటే ఆ క్షణంలో వెతుక్కోవలసిన పని ఉండదు.

బండి ఇల్లు చేరిన వారంలోనే రవాణా శాఖ కార్యాలయం పని మొదలుపెట్టండి. తాత్కాలిక నంబరు గడువు చూస్తుండగానే గడిచిపోతుంది. మొదటి సర్వీసు కోసం మళ్ళీ హైదరాబాద్ వెళ్ళనక్కర లేదు. ఉచిత సర్వీసు మామూలుగా ఆ కంపెనీ అధీకృత కేంద్రం ఏ ఊరిలో ఉన్నా చేస్తారు. కొనేరోజే ఆ మాట అడిగి, సర్వీసు పుస్తకం మరువకుండా వెంట తెచ్చుకోండి.