తెల్లరాయికి ఒకప్పుడు రంగులుండేవి

కొన్ని జాతులకు పుట్టుకతోనే నగిషీల మోజు అనీ, కొన్నిటికి సాదాతనమే ప్రాణమనీ ఒక మాట చాలాకాలంగా చెలామణీలో ఉంది. గ్రీకులు సాదా, మనం నగిషీ. జపాను సాదా, చైనా నగిషీ. గుర్తుపెట్టుకోవడం తేలిక కనుక ఈ పంపకాన్ని నమ్మడమూ తేలికే. దానికి లొంగని విశేషాలు కొన్ని ఇక్కడ పోగుచేశాను.

వాన కడిగేసిన గుడి

ఏథెన్స్ కొండమీది పార్థినాన్ ఆలయం అనగానే నీలాకాశం కింద తెల్లటి స్తంభాలు కళ్ళకు కడతాయి. ఆ తెలుపు కట్టినవాళ్ళు కోరుకున్నది కాదు. గ్రీకులు తమ పాలరాతి శిల్పాలకు ఎరుపు, నీలం, పసుపు రంగులు వేసేవారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పార్థినాన్ శిల్పాల్లో ఐరిస్ అనే దేవత నడికట్టు మీద ‘ఈజిప్షియన్ నీలం’ జాడ 2009లో పరారుణ కెమెరాకు చిక్కింది. మామూలు కంటికి అక్కడ కనిపించేది ఉత్త రాయే.

ఇక లోపల ఫిడియాస్ మలిచిన ఎథీనా విగ్రహం దంతంతో, బంగారంతో చేసింది. దానిమీద 40 టాలెంట్ల మేలిమి బంగారం ఉందనీ, యుద్ధం మీదపడితే ఊడదీసి వాడుకుని తర్వాత తిరిగి చేయించవచ్చనీ నాటి నాయకుడు పెరిక్లిస్ చెప్పినట్టు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. మన తూకంలో అది సుమారు వెయ్యి కిలోలు! ఇది నిరాడంబరుల గుడి అని ఎవరనగలరు?

మరి తెలుపు మోజు ఎక్కడినుంచి వచ్చింది? 1764లో ప్రాచీన కళల చరిత్ర రాసి యూరప్ అభిరుచిని మార్చేసిన జర్మన్ పండితుడు వింకెల్‌మన్ గ్రీసులో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆయన చూసినవి ఎక్కువగా రోములో ఉన్న నకళ్ళు. ఆ మోజు ఎంత దూరం పోయిందంటే, 1937–38లో బ్రిటిష్ మ్యూజియంలో పార్థినాన్ శిల్పాలను ‘తెల్లగా’ చేయడానికి రాగి పనిముట్లతో గీకారు. అసలు పైపొర కొన్నిచోట్ల అలా పోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. మన లేపాక్షిలో బొమ్మలు పైకప్పు కింద ఉండబట్టి 16వ శతాబ్దపు రంగులు ఇంకా మిగిలాయి. అవే ఆరుబయట ఉంటే, విజయనగరం వాళ్ళకు రంగులంటే గిట్టదని ఎవరో ఒకరు రాసే ఉండేవారు.

స్పార్టా మాటేమిటి?

నిరాడంబరతకు మారుపేరుగా స్పార్టాను చూపిస్తారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో అదే స్పార్టా బొమ్మలు గీసిన కుండలు చేసి సముద్రం దాటించి అమ్మింది. అక్కడి ఆర్టెమిస్ ఓర్థియా గుడి తవ్వకాల్లో చెక్కిన దంతపు బొమ్మలు దొరికాయి. సైనిక జీవితపు కటువుదనం తర్వాత తర్వాత బిగిసింది.

థుసిడిడీస్ ఇంకో సంగతీ గమనించాడు. స్పార్టా పాడుబడితే దాని పునాదులు చూసి ఇక్కడ ఇంత బలమైన రాజ్యం ఉండేదని ఎవరూ నమ్మరనీ, ఏథెన్స్ పాడుబడితే మాత్రం దాని శిథిలాలను చూసి ఉన్నదానికి రెండింతల బలం ఊహించుకుంటారనీ అన్నాడు. కట్టడాలను బట్టి జాతి గుణం అంచనా వేయొద్దని దాదాపు 2,400 ఏళ్ళ కిందటే అందిన హెచ్చరిక ఇది.

రెండు చాపల గది, బంగారు గది

జపాను దగ్గర కాస్త ఆగాలి. తేనీటి గురువు సెన్ నో రిక్యూ కట్టించినదిగా చెప్పే ‘తాయిఆన్’ గది వైశాల్యం రెండు తాతామి చాపలంత. మట్టిగోడలు, ఒంగి దూరాల్సిన చిన్న వాకిలి. సాదాతనానికి అంతకు మించిన ఉదాహరణ ప్రపంచంలో లేదంటారు. ఆ రిక్యూ కొలువు చేసింది హిదెయోషి అనే ప్రభువు దగ్గర. ఆ హిదెయోషి 1586లో చక్రవర్తికి తేనీరు ఇవ్వడానికి గోడలూ కప్పూ పాత్రలూ అన్నీ బంగారంతో మెరిసే గదిని, విప్పి మోసుకుపోగలిగేట్టు చేయించాడు. రెండు గదులూ ఒకే కాలానివి, ఒకే తేనీటి కోసం. 1591లో ప్రభువు ఆజ్ఞతో రిక్యూ ఆత్మహత్య చేసుకోవాల్సి వచ్చింది.

మరుసటి తరంలోనూ అదే జంట. 1634–36 మధ్య నిక్కోలో తొకుగవా ఇయెయాసు అనే పాలకుడి స్మారకాన్ని బంగారు రేకులతో, రంగులతో తిరిగి కట్టారు. దాని యోమెయ్‌మోన్ ద్వారం మీదనే 500కు పైగా చెక్కడపు బొమ్మలున్నాయి. ఆ కాలంలోనే క్యోటోలో ఒక రాజవంశీకుడు, ఆయన కొడుకు కట్టించిన కత్సురా విడిది కలపా, కాగితపు తలుపులూ, తోటే. 1933లో జపాను వెళ్ళిన జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ కత్సురాను ఆకాశానికెత్తి, నిక్కోను తీసిపారేశాడు. ‘జపాను అంటే సాదా’ అన్న మాటకు ప్రపంచంలో బలం వచ్చింది అలాంటి రాతలవల్లనే. నిక్కో కూడా అంతే జపాను కదా?

ఇసే దేవాలయాన్ని 20 ఏళ్ళకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. 2013లో జరిగింది 62వ సారి. పూత లేని హినోకి కలపతో గుడి పచ్చిగా ఉంటుంది. దానితోపాటే దేవతకు పట్టుబట్టలు, పూసలు పొదిగిన కత్తి వంటి 1,500కు పైగా వస్తువులనూ కొత్తగా చేయిస్తారు. బయటివాళ్ళకు కనిపించేది కలప. ఆ నగిషీ అంతా దేవత కోసం.

ఒకే మతం, రెండు రూపాలు

శ్రావణబెళగొళ గోమటేశ్వరుడు సుమారు 57 అడుగుల నిలువెత్తు దిగంబరుడు. గంగరాజుల మంత్రి చాముండరాయ దాన్ని క్రీ.శ. 981 ప్రాంతంలో చెక్కించాడు. పట్టుమని యాభై ఏళ్ళకు, 1031లో, అబూ కొండమీద విమల్ షా కట్టించిన దిల్వారా ఆలయంలో పాలరాయిని లేసు అల్లికలా చెక్కారు. రెండూ జైనులవే. సన్యాసి త్యాగం ఒకచోట రాయి అయింది, గృహస్థు భక్తి మరోచోట రాయి అయింది.

యూరప్‌లోనూ ఇదే తగవు. గుళ్ళలో ఈ వింత మృగాల చెక్కడాలెందుకని 1125 ప్రాంతంలో క్లైర్వో మఠాధిపతి బెర్నార్డ్ నిలదీశాడు. 1144లో మఠాధిపతి సుజే రంగుటద్దాలతో సాన్ దెనీ చర్చి వెనుక భాగాన్ని వెలిగించాడు. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే మతం. ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నవాళ్ళు కూడా.

రాయి మెత్తనైతేనా?

నగిషీ అంతా రాయి చలవే అనే వాదం ఒకటుంది. హళేబీడు, బేలూరు ఆలయాల్లో హొయ్సళులు వాడింది బలపం రాయి జాతిది. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఉలి దానిమీద కొయ్య మీద నడిచినట్టు నడుస్తుంది. 1010లో పూర్తయిన తంజావూరు పెద్దగుడి కఠినమైన గ్రానైటు. అక్కడ ఆశ్చర్యపరిచేది బొమ్మల నాజూకుతనం కంటే విమానపు ఎత్తు. చోళులది సాదా మనస్తత్వమనీ, హొయ్సళులది నగల మనస్తత్వమనీ తీర్పు చెప్పేముందు రాయిని తాకి చూడాలన్నమాట.

ఈ వాదం నాకూ నచ్చేది, పాలంపేట వెళ్ళేదాకా. 1213 నాటి రామప్ప గుడిలో కాకతీయ శిల్పులు స్తంభాలకూ దూలాలకూ ఎంచుకున్నది గ్రానైటు, నల్లటి డోలరైటు. ఉలిని మొండిచేసే రాళ్ళు. అయినా అద్దంలా నునుపు తేల్చారు, మదనికల ఒంటిమీది హారాల పేటలు విడివిడిగా కనిపించేట్టు చెక్కారు. రాయి దారి చూపగలదు, కానీ శిల్పి గట్టిగా పట్టుబడితే ఆపలేదు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి ఇదే.

సాదాతనం ఖరీదు

సాదా అంటే చవక అనుకునేవాళ్ళకు ఒక లెక్క. చైనాలో సాంగ్ వంశకాలపు ‘రూ’ పింగాణీకి బొమ్మలుండవు. వాన వెలిసిన ఆకాశంలాంటి లేతరంగు మాత్రమే. ప్రపంచంలో వందలోపే మిగిలాయి. అందులో 13 సెంటీమీటర్ల చిన్న తొట్టి, కుంచెలు కడుక్కునేది, 2017లో హాంకాంగ్ వేలంలో 3.7 కోట్ల డాలర్లు దాటింది. నగిషీల ప్రభువుగా పేరుపడ్డ చియెన్‌లుంగ్ చక్రవర్తికి ఈ సాదా పింగాణీ అంటే ఎంత ప్రాణమో! తన దగ్గరున్న చాలా పాత్రల అడుగున సొంత కవితలు చెక్కించాడు.

అలంకారం నేరమని 1910లో వియన్నాలో ప్రసంగించిన వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్, రాజప్రాసాదం ఎదుటే కిటికీలకు నగిషీ లేని భవనం కట్టాడు. జనం దాన్ని ‘కనుబొమలు లేని ఇల్లు’ అన్నారు. కింది అంతస్తులకు ఆయన వాడింది మాత్రం గ్రీసునుంచి తెప్పించిన ఆకుపచ్చ చారల పాలరాయి. రాయి గీతలే అక్కడ నగలు.

ఒకే ఇంట్లోనూ రెండూ ఉంటాయి. తాజ్‌మహల్ కట్టించిన షాజహాన్ కూతురు జహనారా సమాధి ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో ఉంది. చుట్టూ పాలరాతి జాలీ, సమాధిపైన కప్పు లేదు, మొలిచేది గడ్డి. ఆమె తమ్ముడు ఔరంగజేబు ఖుల్దాబాద్‌లో ఆకాశం కింద మట్టి సమాధిలో ఉన్నాడు. తండ్రినీ పిల్లలనూ రెండు నాగరికతల్లో వేయగలమా?

ఇంకా వెనక్కి వెళ్తే, సింధు నాగరికత ఊళ్ళలోని ఇటుకలు 1:2:4 కొలతలో, పూత నగిషీ లేకుండా ఉంటాయి. ఆ ఊళ్ళలోనే కార్నీలియన్ అనే ఎర్రరాతి పూసలకు ఈ చివరనుంచి ఆ చివరకు సన్నటి రంధ్రం తొలిచారు, ఒక్కో పొడవాటి పూసకు రోజుల తరబడి. ఆ పూసలు మెసపొటేమియాలోని ఊర్ రాజసమాధుల దాకా వెళ్ళాయి.

మన తీరంలోనే రెండూ

కాకినాడ పక్కన ఉప్పాడలో జామ్దానీ నేత బుటాలను చేత్తోనే పోగు పోగుగా ఎక్కిస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తి, పునాస పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, వందో నంబరు దాకా సన్నటి నూలు వడికి, ఒక్క బుటా లేని తెల్లటి ఖద్దరు నేస్తారు. ఏది ఏ నాగరికతదో అడిగితే రెండు ఊళ్ళవాళ్ళూ తెలుగులోనే జవాబిస్తారు. ఉప్పాడ చీర కొనేటప్పుడు తిరగేసి బుటా వెనక చూస్తాం. పొందూరు పంచె కొనేటప్పుడు కూడా దాన్ని ఒక్కసారి వెలుతురుకు ఎత్తి పోగు చూడండి.